దారి తప్పించే గుంపులు: గుర్తుపట్టడం ఎలా? వెళ్ళిన బిడ్డను తిరిగి తెచ్చుకోవడం ఎలా?

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన పంపిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు కురియుగాక!



దొంగ ఎప్పుడూ దొంగ వేషంలో రాడు. ఇంట్లో సొమ్ము దోచేవాడు చుట్టంలా వచ్చినట్టే, గుండెల్లోని ఈమాన్‌ను దోచేవాడు కూడా తలమీద టోపీతో, చేతిలో తస్బీహ్‌తో, నోటిమీద ఖుర్ఆన్ వాక్యాలతోనే వస్తాడు. అందుకే మన పూర్వీకులైన ధర్మ పండితులు విశ్వాసాన్ని నేర్పడంతోపాటు, విశ్వాసాన్ని చెడగొట్టే మార్గాలను గుర్తుపట్టడం కూడా నేర్పారు.

ఖమ్మం జిల్లా బోనకల్‌లో ఇషా నమాజు తర్వాత జరిగిన ఒక సమావేశంలో ఒక పెద్దాయన లేచి ఇలా అడిగారు: "మౌల్వీ సాబ్, మా తమ్ముడి కొడుకు పట్నంలో చదువుకుంటూ ఏదో జమాఅత్‌లో కలిసిండు. ఇమామ్ మహదీ వచ్చేసిండంట, ఆయన పేరు మీద బైఅత్ చేసిండంట. ఇంటికి రావడం మానేసిండు. మా తమ్ముడేమో వాడు నాకు చచ్చినట్టే లెక్క అంటున్నడు. మరదలు అన్నం మానేసింది. మేం ఏం జెయ్యాలె?"

"చాచా, ముందు మీ తమ్ముణ్ణి ఆ మాట వెనక్కి తీసుకోమనండి" అని మేము చెప్పాము. ఎందుకలా చెప్పామో వివరించడానికి అక్కడ సమయం చాలలేదు. ఇలాంటి బాధ ఒక్క ఇంటిది కాదు కనుక ఈ వ్యాసంలో ఆ విషయాన్ని వివరంగా మీ ముందు ఉంచుతున్నాము.

చెడును తెలుసుకోవడం ఎందుకు?

హజ్రత్ హుజైఫా (రజి) గురించి హదీసు గ్రంథాల్లో ఒక విషయం ఉంది. మిగతా సహచరులు దైవప్రవక్త (స)ను మంచి గురించి అడుగుతుంటే, తాను మాత్రం చెడు గురించి అడిగేవాణ్ణని, అది తన మీద ఎక్కడ వచ్చి పడుతుందోనన్న భయమే దానికి కారణమని ఆయన చెప్పుకున్నారు. పాము ఏ పుట్టలో ఉందో తెలిసినవాడు దారి చూసుకుని నడుస్తాడు కదా!

ఈ బాటలోనే మన పండితులు వర్గాల పరిశీలనను ఒక విద్యగా తీర్చిదిద్దారు. అబ్దుల్ ఖాహిర్ బగ్దాదీ (మరణం 1037), స్పెయిన్ దేశపు ఇబ్ను హజ్మ్ (మరణం 1064), షహ్రస్తానీ (మరణం 1153) ఈ విషయంపై పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. షహ్రస్తానీ తన గ్రంథం మొదట్లోనే తనకు తాను ఒక షరతు పెట్టుకున్నారు. ఏ వర్గం గురించి రాసినా వారి సొంత పుస్తకాల్లో ఉన్నదే రాస్తానని, పక్షపాతం చూపనని ఆయన అన్నారు. గమనించండి! తప్పుదారి పట్టినవాడి మీద కూడా అబద్ధం చెప్పరాదన్నది మన పండితుల నియమం. గాలి మాటలు విని ఒకరికి పేరు పెట్టడం విద్య అనిపించుకోదు, అది చాడీ అవుతుంది.

వేషం కొత్తది, కథ పాతదే

దైవప్రవక్త (స) జీవించి ఉన్న కాలంలోనే యమామా ప్రాంతంలో ముసైలిమా అనేవాడు తానూ ప్రవక్తనేనన్నాడు. వాడు ముహమ్మద్ (స) ప్రవక్త కాదని అనలేదు. ప్రవక్త పదవిలో తనకూ వాటా ఉందన్నాడు. వాడి మోసమంతా అందులోనే ఉంది. పూర్తిగా కాదనేవాణ్ణి ఎవరైనా గుర్తుపడతారు. ఒప్పుకుంటూనే పక్కన కుర్చీ వేసుకునేవాణ్ణి గుర్తుపట్టడం కష్టం. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో జరిగిన యమామా యుద్ధంలో ఆ ఫిత్నా ముగిసింది గానీ, ఖుర్ఆన్ కంఠస్థం చేసిన ఎందరో సహచరులు అక్కడ షహీదులయ్యారు.

ఆ తర్వాత ఖవారిజ్ అనే వర్గం వచ్చింది. వారు నమాజు, ఉపవాసాల్లో ఎవరికీ తీసిపోరు. తీర్పు అల్లాహ్‌ది మాత్రమే అన్నది వారి నినాదం. మాట నిజమైనదే గానీ దాని వెనుక ఉద్దేశం చెడ్డదని హజ్రత్ అలీ (రజి) దాన్ని విప్పి చెప్పారు. చరిత్రకారులు వారి గురించి ఒక సంఘటన రాశారు. దారిలో చెట్టు కింద రాలిన ఒక ఖర్జూరపు పండును వారిలో ఒకడు నోట్లో వేసుకుంటే, వెల ఇవ్వకుండా ఎలా తింటావని తోటివారు అడ్డుకున్నారట. అతను ఉమ్మేశాడు. అదే రోజు, అదే చేతులతో వారు సహాబీ హజ్రత్ ఖబ్బాబ్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్‌నూ, గర్భవతి అయిన ఆయన భార్యనూ చంపేశారు. పండు దగ్గర భయభక్తులు, ప్రాణం దగ్గర కత్తి! చిన్న విషయాల్లో అతి జాగ్రత్త చూపిస్తూ పెద్ద పాపాలకు దారి తెరిచే గుంపు ఈనాడు కనిపించినా మనం ఈ ఖర్జూరపు పండును గుర్తు చేసుకోవాలి.

ఇవి పాత విషయాలు కదా అనుకోకండి. హిజ్రీ 1400 ముహర్రం మొదటి రోజున, అంటే 1979 నవంబరు 20న, జుహైమాన్ అల్ ఉతైబీ అనేవాడు వందలాది ఆయుధధారులతో మక్కాలోని పవిత్ర మస్జిదులో చొరబడ్డాడు. తన బావమరిది ముహమ్మద్ అల్ ఖహ్తానీయే ఇమామ్ మహదీ అని, ఆయనకు బైఅత్ చేయమని ప్రకటించాడు. దానికి వారు చూపిన పెద్ద సాక్ష్యం ఏమిటి? కలలు! ఎంతో మందికి ఒకే రకమైన కల వచ్చిందన్నారు. మహదీ చనిపోడని నమ్మినవారి కళ్ళముందే ఆ ఖహ్తానీ ముట్టడిలో చనిపోయాడు. రెండు వారాలపాటు సాగిన పోరులో వందల మంది ప్రాణాలు పోయాయి. పట్టుబడినవారిలో 63 మందికి 1980 జనవరిలో మరణశిక్ష అమలైంది. పక్షిని కూడా చంపరాని హరమ్ నేల రక్తంతో తడిసింది.

మన గడ్డ మీద జరిగినది

అరబ్బు దేశం దూరమనుకుంటే, హైదరాబాదు దూరమేమీ కాదు. గుల్బర్గా ప్రాంతానికి చెందిన సిద్దీఖ్ అనే వ్యక్తి, మొదట్లో అహ్మదియా ఉద్యమంతో సంబంధం ఉన్నవాడు, 1924లో తాను లింగాయతులు ఎదురుచూస్తున్న చన్నబసవేశ్వరుణ్ణని ప్రకటించుకున్నాడు. దీన్‌దార్ అంజుమన్ అనే సంస్థను స్థాపించాడు. హైదరాబాదులోని ఆసిఫ్ నగర్ దానికి కేంద్రమైంది. అన్ని మతాల మధ్య ఐక్యత తెస్తామన్నది వారి పిలుపు. వినడానికి ఎంత తియ్యని మాట! ఇస్లాం పేరు, అవతారం మాట, మతాల స్నేహం, అన్నీ ఒకే సంచిలో వేశారు. దైవప్రవక్త (స) తర్వాత ఇలాంటి దావాలకు తావు లేదని ఉలమా ఖండించారు. స్థాపకుడు 1952లో మరణించాడు. సంస్థ కొనసాగింది.

2000 సంవత్సరం వచ్చింది. జూన్ 8న తాడేపల్లిగూడెంలో, ఒంగోలులో, కర్ణాటకలోని వాడిలో చర్చిల దగ్గర బాంబులు పేలాయి. జూలైలో హుబ్లీలోనూ పేలుడు జరిగింది. జూలై 9న బెంగళూరులో బాంబు తీసుకెళ్తున్న వ్యానే పేలిపోయి, అందులో ఉన్నవారిలో ఇద్దరు చనిపోయారు. దాంతో దర్యాప్తుకు దారి దొరికింది. ఆ దారి దీన్‌దార్ అంజుమన్ సభ్యుల దగ్గరికి వెళ్ళింది. కేంద్ర ప్రభుత్వం 2001లో ఆ సంస్థను నిషేధించింది. 2008 నవంబరులో బెంగళూరులోని ప్రత్యేక న్యాయస్థానం 23 మందిని దోషులుగా నిర్ధారించింది.

మన బోనకల్ స్టేషన్‌లో రైలెక్కితే విజయవాడ ఎంతసేపు? అక్కడి నుంచి ఇటు తాడేపల్లిగూడెం, అటు ఒంగోలు ఎంతసేపు? ఇది మన పొరుగున జరిగిన విషయం. ఆదివారం ప్రార్థనకు వెళ్ళే పొరుగింటి క్రైస్తవ సోదరుణ్ణి భయపెట్టిన పని ఇస్లాం పేరు పెట్టుకున్న సంస్థలోనివారు చేశారు. ఇతరుల ఆరాధనా స్థలాలను కూల్చడాన్ని ఖుర్ఆన్ సూరహ్ అల్ హజ్‌లో ఎంత ఘోరంగా చెప్పిందో తెలిసినవాడు ఆ పని చేయగలడా?

న్యాయం కోసం ఇక్కడ మరో మాట కూడా చెప్పాలి. ఆ సంస్థలో పేరున్న ప్రతివాడూ బాంబు పెట్టలేదు. శిక్ష పడినవారి పిల్లలు, అమాయకంగా ఉర్సుకు వెళ్ళి వచ్చినవారు నేరస్తులు కారు. కానీ ప్రశ్నించకూడని మనిషి ఒకడున్నాడని ఒప్పుకున్న గుంపులో, ఆ మనిషి స్థానంలోకి రేపు ఎవరు వస్తారో, ఏమి చేయమంటారో ఎవరికీ తెలియదు. మొదటి మెట్టు దగ్గర జాగ్రత్తపడమని మేము చెప్పేది అందుకే.

ఇది ముస్లింలకు మాత్రమే వచ్చిన జబ్బు కూడా కాదు. 1978 నవంబరు 18న గయానా దేశపు అడవిలో జిమ్ జోన్స్ అనే పాస్టరు చెప్పుచేతల్లో ఉన్న 900 మందికి పైగా విషంతో చనిపోయారు. వారిలో దాదాపు 300 మంది పిల్లలు. 1995 మార్చి 20న జపాన్ రాజధాని టోక్యోలో భూగర్భ రైళ్ళలో విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే గుంపులో పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్తలు, డాక్టర్లు ఉన్నారు. కాబట్టి మావాడు ఇంజనీరింగు చదివాడు, వాణ్ణి ఎవరు మోసం చేస్తారులే అనుకునే తల్లిదండ్రులు ఆలోచించాలి.

గుర్తుపట్టడానికి అయిదు గీటురాళ్ళు

ఒకటి: ప్రశ్నించకూడని మనిషి. సూరహ్ అల్ అహ్‌జాబ్‌లో అల్లాహ్ ముహమ్మద్ (స)ను ప్రవక్తలకు ముద్రగా పేర్కొన్నాడు. ఆయన తర్వాత ఎవరి మాటనైనా ఖుర్ఆన్, హదీసుల గీటురాయి మీద రుద్దవచ్చు. ఫలానా హజ్రత్ మాట రుద్దకూడదు, నమ్మాలంతే అన్నచోట ఆగిపోండి. మహదీ విషయంలోనూ ఇంతే. హదీసుల ప్రకారం మహదీ తనకు బైఅత్ చేయమని తిరగడు. తాను ఇష్టపడకపోయినా ప్రజలే ఆయన్ని ముందుకు తెస్తారు, కాబా దగ్గర బహిరంగంగా బైఅత్ చేస్తారు. హాస్టలు గదిలో, ఫోనులో, చీకటి చాటున జరిగే బైఅత్ ఏ మహదీది?

రెండు: రహస్యం. ఇంట్లో ఇప్పుడే చెప్పకు, మస్జిదు ఇమామును అడగకు, ఆలిముల పుస్తకాలు చదవకు అంటారు. ప్రజలకు దూరంగా ధర్మం గురించి గుసగుసలాడే గుంపు మార్గభ్రష్టత్వానికి పునాది వేస్తున్నట్టేనని హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) హెచ్చరించారు. దైవ ధర్మం మినారు మీద నుంచి ఐదు పూటలా పిలిచే ధర్మం. దానికి దాపరికం అవసరం లేదు.

మూడు: అమ్మానాన్నలతో తెంచడం. తల్లిదండ్రులు షిర్క్ చేయమని బలవంతపెడితే ఆ మాట వినవద్దని, అయినా లోకవ్యవహారాల్లో వారితో మంచిగా మెలగమని సూరహ్ లుఖ్మాన్ చెబుతోంది. ముష్రిక్ అయిన తల్లితోనే తెంచుకోవద్దంటే, నమాజు చదివే తల్లిని వదిలేయమనే జమాఅత్ ఎవరి మాట వింటున్నట్టు?

నాలుగు: డబ్బు, సంతకం, నికాహ్. ప్రవక్తలందరూ తమ జాతివారితో మేము మీ నుంచి ప్రతిఫలం కోరడం లేదన్నారని సూరహ్ అష్ షుఅరాలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. పొలం పాసుపుస్తకం, అమ్మ మెడలోని బంగారం, ఆడబిడ్డ నికాహ్, వీటిలో ఏదైనా గురువు చేతిలో పెట్టమంటే అది దీన్ కాదు, దోపిడీ.

అయిదు: కలలు, లెక్కలు, గడువులు. ఫలానా సంవత్సరంలో ప్రళయం, ఫలానా తేదీన శిక్ష అంటూ భయపెడతారు. ఆ ఘడియ ఎప్పుడో అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదని దైవప్రవక్త (స)తోనే చెప్పించిన ధర్మం మనది. తేదీ చెప్పినవాడు ఆ తేదీ రాకముందే అబద్ధీకుడు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ గీటురాళ్ళను పట్టుకుని పక్క మస్జిదువారి మీద దండెత్తకండి. హనఫీ, షాఫయీ తేడాలు, ఆమీన్ పైకి అనడం, లోపల అనడం, తబ్లీగ్‌లో వెళ్ళడం, వెళ్ళకపోవడం, ఇవి గుంపుల మాటలు కావు, ఉమ్మత్ లోపలి అభిప్రాయ భేదాలు. అన్నదమ్ములకు దొంగ అని పేరు పెడుతూ కూర్చుంటే అసలు దొంగ వచ్చినప్పుడు మన కేకను ఎవరూ నమ్మరు. ఇక ఎవరి విశ్వాసం ఇస్లాం హద్దులు దాటిందని ఉలమా చెప్పారో, వారి మీద కూడా చెయ్యి చేసుకోవడానికి, వారి ఇల్లు తగలబెట్టడానికి, వారి పిల్లల్ని అవమానించడానికి మనకు అనుమతి లేదు. దావాను తిరస్కరించడం ఈమాన్. మనిషిని హింసించడం జుల్మ్.

వెళ్ళిపోయిన బిడ్డ కోసం

ఇప్పుడు ఆ బోనకల్ పెద్దాయన ప్రశ్నకు వద్దాం. ఖవారిజ్ ఆరేడు వేల మంది విడిపోయి ఒకచోట గుమిగూడినప్పుడు హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) వారి దగ్గరికి ఒంటరిగా వెళ్ళారు. మంచి యమన్ దుస్తులు వేసుకుని, సలాం చెప్పి, మీ అభ్యంతరాలేమిటో చెప్పమన్నారు. వారు మూడు చెప్పారు. అల్లాహ్ తీర్పు ఇవ్వవలసిన చోట మనుషుల్ని మధ్యవర్తులుగా పెట్టారన్నది మొదటిది. యుద్ధం చేసి కూడా ఖైదీలను, యుద్ధ సొమ్మును తీసుకోలేదన్నది రెండవది. ఒప్పంద పత్రంలో విశ్వాసుల నాయకుడు అనే బిరుదును చెరిపేశారన్నది మూడవది. ఆయన మధ్యలో అడ్డు తగల్లేదు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగి, ఆ తర్వాతే జవాబు మొదలుపెట్టారు. భార్యాభర్తల తగాదాలో మధ్యవర్తుల్ని పెట్టమని ఖుర్ఆనే చెప్పింది కదా అన్నారు. విశ్వాసుల తల్లి హజ్రత్ ఆయిషా (రజి)ని ఖైదీగా చేసుకుంటారా అని అడిగారు. హుదైబియాలో దైవప్రవక్త (స) తన పేరు పక్కన దైవప్రవక్త అన్న మాటను స్వయంగా చెరిపించలేదా అని గుర్తుచేశారు. ఒక్కో జవాబు తర్వాత, ఇది తీరిందా అని అడిగారు. ఆ ఒక్క కూర్చోవడంతో వేలాది మంది వెనక్కి వచ్చారు!

మిగిలినవారి విషయంలో హజ్రత్ అలీ (రజి) మూడు హామీలిచ్చారు. మా మస్జిదుల్లో నమాజు చేయకుండా మిమ్మల్ని ఆపము, మాతో కలిసి ఉన్నంతకాలం బైతుల్ మాల్‌లో మీ వాటా ఆపము, మీరు మొదలుపెట్టనంతవరకు మీతో యుద్ధం చేయము అన్నది వాటి సారాంశం. వారు రక్తం చిందించిన తర్వాతే ఆయన వారిని ఎదుర్కొన్నారు. అంటే తలుపు తెరిచే ఉంచారు, నేరాన్ని మాత్రం ఉపేక్షించలేదు.

ఈ కాలపు పరిశోధన కూడా ఇదే దారి చూపుతోంది. ఐలీన్ బార్కర్ అనే బ్రిటిష్ సమాజ శాస్త్రవేత్త కొరియాకు చెందిన సన్ మ్యుంగ్ మూన్ స్థాపించిన మతశాఖలో చేరిన యువకుల గురించి ఏళ్ళ తరబడి పరిశీలించి 1984లో పుస్తకం రాశారు. వారి శిబిరాలకు వెళ్ళినవారిలో అత్యధికులు అసలు చేరనే లేదు. చేరినవారిలో కూడా ఎక్కువమంది రెండేళ్ళలోపే బయటికి వచ్చేశారు. చేతబడి చేసినట్టు మనసు శాశ్వతంగా బందీ అయిపోతుందన్న మాట నిజం కాదని దీనివల్ల తెలుస్తుంది. బయటికి వచ్చేవాడికి వెళ్ళడానికి ఒక ఇల్లు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. తండ్రి తలుపు మూసేస్తే, నీకు మేమే దిక్కు అని ఆ గుంపు చెప్పిన మాటను తండ్రే నిజం చేసినట్టవుతుంది.

కాబట్టి అలాంటి ఇళ్ళవారు ఈ పనులు చేయాలి. వాడు చచ్చినట్టే అన్న మాట నోటి నుంచి రానివ్వకండి. అమ్మ వారానికోసారి ఫోను చేయాలి. ఆ ఫోనులో వాదన వద్దు. తిన్నావా, జ్వరం తగ్గిందా, చెల్లెలు నిన్ను అడుగుతోంది, అంతే చాలు. పండుగకు రమ్మని పిలవండి. వాడు మాట్లాడదామంటే ఇబ్ను అబ్బాస్ (రజి) మాదిరిగా ముందు పూర్తిగా వినండి. వాడి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఓపికగల ఆలిము దగ్గరికి తీసుకువెళ్ళండి. అందరిముందు పంచాయితీ పెట్టి పరువు తీయకండి. వాడు అడిగాడని పొలం, బంగారం మాత్రం ఇవ్వకండి. ఆయుధాల మాట వినిపించినా, చిన్నపిల్లల్ని తీసుకువెళ్ళినా, ఆడపిల్ల మానానికి ముప్పు ఉందనిపించినా పరువు పోతుందని దాచవద్దు, వెంటనే పోలీసులకు చెప్పండి. ప్రాణాలను కాపాడటం షరీఅత్ ఆదేశం. ఇక వాడు తిరిగి వచ్చిన రోజున పాత సంగతి తవ్వకండి. మొహల్లావారు దెప్పకండి. వాడిని మొదటి వరుసలో పక్కన నిలబెట్టుకుని నమాజు చేయండి.

అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. మన పల్లెల్లో చాలామందికి ఉర్దూ రాదు. ధర్మ గ్రంథాలు ఎక్కువగా ఉర్దూలో ఉన్నాయి. మిరప చేను పని చూసుకుని సాయంత్రం ఇంటికొచ్చిన మనిషికి తెలుగులో దీన్ చెప్పేవాడు లేకపోతే, ఎవడు ముందుగా తెలుగు కరపత్రం పట్టుకొస్తే వాడే గురువవుతాడు. ప్రతి ఊరి మస్జిదులో పిల్లలకు సాయంత్రం మక్తబ్, పెద్దలకు, స్త్రీలకు వారానికోసారి తెలుగులో పాఠం ఉండాలి. అక్కడ ప్రశ్న అడిగిన కుర్రాడిని నోరు మూసుకోమనకూడదు. మనం మూయించిన ప్రశ్నకు బయట ఎవడో జవాబు చెబుతాడు.

అల్లాహ్ మన విశ్వాసాన్ని, మన పిల్లల విశ్వాసాన్ని కాపాడుగాక! సత్యాన్ని సత్యంగా, అసత్యాన్ని అసత్యంగా చూసే చూపు ప్రసాదించుగాక! దారి తప్పిన మన బిడ్డల్ని క్షేమంగా వారి తల్లుల దగ్గరికి చేర్చుగాక! వారు వచ్చేనాటికి మన తలుపులు, మన మనసులు తెరిచి ఉండేలా చేయుగాక! ఆమీన్.